సూపులో మాత్ర

మీ కాగితంలో ఆ ఒక్క ముక్క కొట్టేయండి డాక్టరుగారూ! 'మద్యం అలవాటు ఉన్నట్టు అనుమానం' అట. అనుమానమేంటండీ అనుమానం? ఆ కాగితం డిపోకి వెళ్తే మా ఆయన చేతికి మళ్లీ స్టీరింగు ఇస్తారా? ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు షెడ్డులో బస్సులు కడుక్కోవాలా?

లేదండీ, కూర్చోను. కూర్చుంటే ధైర్యం చాలదు. ఆ తలుపు కాస్త వేయించండి, మా ఆయన బయట బల్ల మీదే ఉన్నాడు.

తాగేవాడు, కాదనను. ఏడేళ్ల కిందట మానేశాడు. మానేశాడంటే మానేశాడంతే. డిపోవాళ్లు ఏటా చేయించే రక్తపరీక్షలో లివరు దెబ్బతిందని వచ్చేసరికి మీరు తాగుడన్నారు. మా ఆడపడుచూ తాగుడే అంది. నేనూ... సరే, నా సంగతి చెప్పడానికే వచ్చాను.

కొలెస్ట్రాలుకి మాత్ర రాశారు కదా, రోజుకొకటి అని? ఆ చీటీ ఇంటికి రాగానే గిరాటేశాడండీ. "మాత్రలు మింగడానికి నేనేమన్నా ముసలాణ్ణా?" అన్నాడు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది గానీ ఆయన చెవికెక్కితేగా!

నేను చేసేది ఆస్పత్రి వంటింట్లో పని. ఇక్కడ కాదులెండి, వేరే చోట. మింగలేని రోగులకి నర్సమ్మ మాత్ర నూరి ఇస్తే, సూపులో కలిపేది నేనే. పదేళ్లుగా అదే పని. ఇంకేం? చీటీ పట్టుకెళ్లి నేనే కొన్నాను, రోజూ నూరి ఆయన సూపులో కలిపేశాను. "ఇవాళ భలే ఉందే" అని గిన్నె నాకేవాడు కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని!

వినండి, అసలు సంగతి ఇంకా ఉంది. మీరు తాగుడన్నాక, సీసా దొరుకుతుందేమోనని నిన్న ఆయన యూనిఫాం జేబులు వెతికాను. దొరికింది సీసా కాదు, అవే మాత్రలు. సగం ఖాళీ అయిన అట్ట. నిలదీస్తే అప్పుడు చెప్పాడు. తోటి డ్రైవరొకడు డ్యూటీ దిగుతూనే గుండె పట్టుకుని పోయాడట. అప్పట్నుంచీ భయం. మీ చీటీ ఫోనులో ఫొటో తీసుకుని, డిపో పక్క షాపులో కొనుక్కుని రోజూ మింగుతున్నాడు. నాతో చెబితే ఓడిపోయినట్టు కదా! అంతా మేకపోతు గాంభీర్యం.

మీరడిగితే 'రోజుకొకటే' అన్నాడు కదూ? నిజమే చెప్పాడండీ. రెండోది నాది. మూడు నెలలపాటు రోజుకి రెండు పడ్డాయి ఆ కడుపులో.

చెప్పకుండా మందు కలపకూడదనా? తెలుసండీ, తెలియకేం! మా ఆస్పత్రిలో నర్సమ్మ రాసుకోకుండా ఒక్క మాత్ర కూడా సూపులో పడదు. ఇంట్లో రాసేదెవరు, నన్ను అడిగేదెవరు?

తిట్టండి, పడతాను. ఆ లివరు బాగవుతుందా లేదా, అది ముందు చెప్పండి. మాత్రలు ఆపేస్తే తగ్గొచ్చా? నిజంగానా? మళ్లీ పరీక్ష చేసి చూడాలా? చేయిద్దాం, ఎన్నిసార్లయినా చేయిద్దాం.

ఆయనకా? చెప్పలేదండీ ఇంకా. సూపు సంగతైతే ఎలాగోలా చెప్పేస్తాను, కోప్పడతాడు, ఊరుకుంటాడు. నాకు మొహం చెల్లనిది ఇంకోటుంది. మీరు తాగుడన్న రోజు మధ్యాహ్నం, ఇంటికొచ్చి పడుకున్నాడు. నిద్రపోయాడు కదా అని మెల్లగా వంగి, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను.

నిద్రపోలేదండీ ఆయన. కళ్లు మాత్రం తెరవలేదు. నాకు వీలుగా ఉండాలని కాబోలు, నోరు ఇంకాస్త పెద్దగా తెరిచాడు.