దుయీలియో కట్టిన ముడి

మళ్ళీ అను ఆ మాట. ఇందాక ఏమన్నావు? బూటు లేసు ఊడితే "దుయీలియో కట్టాడేంటీ" అన్నావా లేదా? నవ్వకు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి, మోకాళ్ళే మాట వినవు. ఊరంతా అంటారని నువ్వూ అంటున్నావు, నీ తప్పేం లేదులే. మీ అమ్మ కూడా చిన్నప్పుడు అంటే చెంప మీద ఒకటిచ్చాను, ఎందుకిచ్చానో మాత్రం చెప్పలేదు. మన త్రియెస్తె ఊళ్ళో సంచి తాడు తెగినా దుయీలియోనే, కట్టుడు పళ్ళు ఊడినా దుయీలియోనే, ఎవరి కాపురం పెటాకులైనా ఆ ముడి వేసింది దుయీలియోనే. ఆ పేరుతో నిజంగా ఒక మనిషి ఉండేవాడని తెలుసా నీకు? చూశావా, తెలీదు. కూర్చో ఇలా. అటు కాదే, అక్కడ తడి. ఈ సముద్రపు గట్టు మీద బెంచీలు మధ్యాహ్నమైతేగాని ఆరవు.

అదిగో, ఆ మూల మేడ గోడకి, కాఫీ హోటలు కిటికీ పక్కన, ఇనప కడియం కనిపిస్తోందా? పచ్చ రంగు వేశారు ఎవరో, బుద్ధిలేనివాళ్ళు. బోరా గాలి లేచిన రోజున ఆ కడియానికీ ఈ వీధిదీపం స్తంభానికీ మధ్య, జనం పట్టుకుని నడిచేందుకు మోకు కట్టేవాళ్ళు. మీకిప్పుడు బోరా అంటే ఫోన్లో ఫొటోలు తీసుకునే సరదా. అప్పుడు అలా కాదు. కొండ మీంచి దిగిందంటే మనుషుల్ని తిన్నగా సముద్రంలోకి నెట్టేది. పాలమ్మే మారియూచా ఒకసారి క్యాన్లతో సహా ఇదిగో ఇక్కణ్ణించి అక్కడిదాకా దొర్లుకుంటూ పోయింది, పాపం, పాలు పోయినందుకు కాదు, గౌను పైకి లేచినందుకు నెలరోజులు ఇటు రాలేదు. ఏం చెప్తున్నాను? ఆ, మోకు. ఆ మోకులు కట్టేపని రేవులో ఓడల్ని గట్టుకి కట్టేవాళ్ళకి అప్పగించేవాళ్ళు. వాళ్ళలో ఒకడు దుయీలియో. పొట్టిగా ఉండేవాడు, చెవులు ఇంతింత. అందగాడేం కాదు, ఆ మాటకొస్తే మీ తాతయ్యే అందగాడు. కానీ ఆ చేతులు చూడాలి నువ్వు! ముడి వేసి మూడుసార్లు లాగేవాడు, తరవాత కాళ్ళు రెండూ పైకెత్తి తనే మోకుకి వేలాడేవాడు. "ముందు నన్ను మొయ్యనీ సిన్యోరా, అప్పుడు మిమ్మల్ని మోస్తుంది," అనేవాడు ముసలమ్మలతో. పెద్ద ఓడలవాళ్ళు పేరు పెట్టి మరీ అడిగేవాళ్ళు, దుయీలియో ఉన్నాడా అని. తండ్రి ఇల్లివ్వలేదు, చదువివ్వలేదు. అతనికున్నదల్లా ఆ పేరొక్కటే.

నాకప్పుడు పంతొమ్మిది. మీ తాతయ్య ఎత్తోరెవాళ్ళ మందుల షాపు నుంచి సంబంధం కుదురుతోంది. మా అమ్మ నేల మీద నడవటం మానేసింది. "ఎత్తోరె లాంటి అల్లుడు! మందుల షాపు! జలుబు చేస్తే ఇంట్లోనే మందు!" అని పక్కింటికీ ఎదురింటికీ చెప్పుకోవడం. నేను ఔననలేదు, కాదనలేదు. నన్నడిగిందెవరు? ఇంకోటి చెప్పాలి నీకు, అదిప్పుడు నీకు నవ్వులాటగా ఉంటుంది. ఈ గట్టు మీద ఆడపిల్ల మగవాడితో పక్కపక్కన నడిస్తే ఏం లేదు, చుట్టమో, తెలిసినవాడో అనుకునేవాళ్ళు. చెయ్యిలో చెయ్యి వేసి నడిచిందంటే మాత్రం పెళ్ళి నిశ్చయమైనట్టే. కార్డులు పంచక్కర్లేదు. ఆ కాఫీ హోటలు అద్దాల వెనక కూర్చున్నవాళ్ళంతా సాక్షులే.

ఫిబ్రవరి, ఆదివారం. చర్చిలో పదకొండింటి పూజ అయింది. అమ్మ వెనకాల ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయింది, నేను ముందు నడిచి ఈ మూలకొచ్చాను. బోరా హోరెత్తిపోతోంది. మోకు కట్టి ఉంది. అతను పక్కనే నించుని ముసలాళ్ళని దాటిస్తున్నాడు. మోకు పట్టుకుని సగందాకా వెళ్ళాను. ఆ తరవాత నా చెయ్యి అతని చేతిలో ఉంది. అలాగే మూల దాటాం. దాటాక గాలి తగలని ఆ గోడవారన కూడా ఓ నలభై అడుగులు అలాగే నడిచాం. అతని చెవులు ఎర్రగా అయిపోయాయి, చలికో దేనికో. తల తిప్పి చూద్దును కదా, అద్దాల వెనక కప్పులన్నీ గాల్లో ఆగిపోయి ఉన్నాయి!

ఇంకేముంది. సిగరెట్ల కొట్టు ఒఫేలియా ఉండేది, దాని నోటికి సెలవు లేదు. ఇంటికి చేరేలోపే, దారిలోనే అమ్మ చెవిన వేసింది. "అయ్యో అమాబిలే, మీ నీవెస్ నిశ్చితార్థం మాకు చెప్పనేలేదేం? అబ్బాయి రేవులో పనట కదా?" అమ్మ గుమ్మంలోనే నన్ను కొట్టింది, తొడుక్కున్న చేతితొడుగు కూడా తియ్యలేదు. "మొహం ఎక్కడ పెట్టుకోవాలే! మందుల షాపువాళ్ళు కబురు పెట్టారు, ఇదేంటని అడుగుతున్నారు. ఏం చెప్పను? చెప్పు, నోరిప్పు!" నేను నోరిప్పలేదు. నాకు అంతే వచ్చు, నోరు మూసుకోవడం.

మర్నాడు మధ్యాహ్నం దుయీలియో ఆ కాఫీ హోటల్లోకొచ్చాడు. అతనలాంటిచోటికి ఎప్పుడూ రాలేదు. టోపీ చేత్తో పట్టుకుని నడిమధ్యన నించున్నాడట. మీ తాతయ్యా ఉన్నాడు, వాళ్ళ నాన్నా ఉన్నాడు, ఒఫేలియా అయితే కొట్టు కట్టేసి మరీ వచ్చింది. "నిన్న మోకు ముడి జారింది," అన్నాడట. "తప్పు నాది. సరిగా కట్టలేదు. సిన్యోరినా నీవెస్ నన్ను పట్టుకోకపోతే సముద్రంలో పడేది. దీన్లో ఇంకేం లేదు." అంతే, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అమ్మ కొవ్వొత్తి వెలిగించింది. సాయంత్రానికి మందుల షాపు నుంచి కేకు కూడా వచ్చింది మా ఇంటికి, చాలా పెద్ద కేకు. అందరూ తిన్నారు.

అక్కణ్ణించి మొదలైందమ్మా నువ్వనే మాట. వాళ్ళ జట్టులో ఒకడు, బెరినో అని, నోటిదురుసు వెధవ, అతను భోజనానికి కూర్చుంటే పళ్ళెం పక్కన తాడుముక్క పెట్టేవాడు. "తిన్నాక పంట్లాం కట్టుకో, జారుతుందేమో!" పిల్లలు కూడా వెంటపడి అనేవాళ్ళు. జట్టు పెద్ద పిలిచి చెప్పాడట, "ఆడపిల్లని ఆపలేని ముడి ఓడనేం ఆపుతుంది? కొన్నాళ్ళు చిన్న పడవలు చూసుకో," అని. ఆ కొన్నాళ్ళు అవలేదు. ఆ రోజుల్లో ఊళ్ళో సగంమంది ఆస్ట్రేలియాకి పేర్లు రాయించుకుంటున్నారు. ఏప్రిల్‌కల్లా అతనూ రాయించుకున్నాడు.

ఆ ఓడలోనే అమ్మ పిన్నికూతురూ వెళ్తోంది, సాగనంపడానికి మేమూ వెళ్ళాం. అదిగో, ఓడలెక్కే ఆ పెద్ద కట్టడం ముందు. ఇసకేస్తే రాలని జనం, ఏడుపులు, బ్యాండు. జనంలోంచి అతను తిన్నగా నా దగ్గరికొచ్చాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. అతను అమ్మకి నమస్కారం చేసి, "సిన్యోరినా నీవెస్, ఒక్క మాట అడిగి వెళ్తాను," అన్నాడు. "ఆ రోజు నా ముడి నిజంగా జారిందా?"

అర్థమైందా? ఆ సాయంత్రం మోకు విప్పింది అతనే కదా. ముడి ఎలా ఉందో అతనికి తెలీదా?

"జారింది," అన్నాను.

"అలాగా. అయితే నేను అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు. పెట్టె ఎత్తుకుని ఓడెక్కేశాడు. ఆ ఓడ మోకులు విప్పింది అతని జట్టువాళ్ళే. "చూసుకోండ్రోయ్, దుయీలియో కట్టిందేమో, దానంతటదే ఊడొస్తుంది!" అని బెరినో అరిచాడు. గట్టంతా ఘొల్లున నవ్వింది. పైనుంచి అతనూ విన్నాడు. నేను చూశాను, విన్నాడు.

తరవాత ఒక్క ఉత్తరం లేదు. తొంభై ఒకటిలో పోయాడని అక్కణ్ణించి తిరిగొచ్చినావిడ చెప్పింది. అక్కడేం పని చేసేవాడని అడిగాను. జాము ఫ్యాక్టరీలో సీసాలకి మూతలు పెట్టేవాడట. ఇల్లు సముద్రానికి దగ్గరేనట, రేవువైపు మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదట. మీ తాతయ్య మంచివాడే, తల్లీ. నలభై మూడేళ్ళ కాపురంలో ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. ఆయన లేకపోతే మీ అమ్మ లేదు, నువ్వు లేవు, అది నాకు తెలుసు. కానీ ఆయనా అనేవాడు, మందుల పొట్లం దారం ఊడితే, "దుయీలియో కట్టాడు" అని. నేను నవ్వేదాన్ని. విన్నావా? నేనూ నవ్వేదాన్ని.

ఏడవకు, గాలికి మొహం పగులుతుంది. ఆ రోజు మోకు నా చేతిలోనే ఉంది లవీనియా. ఇనప కమ్మీలా ఉంది, పిసరంత కదల్లేదు. నేనే వదిలేశాను.

ఊఁ. కాలిలా బెంచీ మీద పెట్టు. పెట్టవే, ఆ లేసు నేను కడతాను.