కూతురింటి వాటా

కాదు మావా, మన పందిని నన్నే పిలవమన్నారు. ఇంటన్నావా? ముసుగులేసుకుని అంతమంది మగోళ్లొచ్చారు. తాళ్లు తెచ్చారు, వల తెచ్చారు. వాడలో పందులన్నీ దొరికినాయి గానీ మన మచ్చోడొక్కడు దొరకలేదు. గోడమూలకి దూరిపోయి గుర్రుమంటన్నాడు. "ఏమ్మా, రోజూ మేత పెట్టేది నువ్వే కదా, నువ్వు పిలువు" అన్నాడు పశువుల డాక్టరు.

ఎలగ పిలుత్తాను? నలుగురిలో నాకు గొంతు పెగలదని నీకు తెలీదేటి? రేషను కొట్టుకాడ నా పేరు సెప్పడానికి కూడా నువ్వే రావాలి.

పిలవలేదు. గరిటట్టుకుని బకెట్టు మీద కొట్టాను. అంతే! తోకాడించుకుంటా వచ్చీశాడు. అందులో కుడితి లేదు మావా. ఉత్త బకెట్టు.

ఇదిగో, దీపం కూడా ఎలిగించకుండా నీ పటం ముందు కూకున్నాను. సేతులంటా సున్నం. పందుల్ని కప్పెట్టిన గోతిలో సల్లమంటే సల్లాను మరి.

ఏటంటన్నావు? మచ్చోడికి రోగం లేదు కదే, అనా? లేదు. పొద్దున్న కుడితంతా తాగీసి బకెట్టు బోర్లించాడు. అయితే ఏటి? ఒకింట్లో రోగం పడితే వాడలో పందులన్నీ ఖాళీ సేసీయాలంట. అదీ రూలు.

రోగం పడింది మీ అప్ప ఇంట్లో. నూకాలొదిన పెద్ద పంది మేత మానీసింది. చెవులు కమిలిపోయి, ఒళ్లు పెనంలాగ కాలిపోయి, కాళ్లు తన్నుకుని సచ్చిపోనాది. మర్నాడు రెండోదీ మూతి తిప్పీసింది.

నువ్వున్నప్పుడు హోటలు ఎంగిలంతా డ్రమ్ములో కుతకుతా మరగబెట్టి గానీ పోసీవోడివి కాదు. ఇప్పుడు అపార్టుమెంటోళ్లు పొగొత్తందని పైనుంచి కేకలేత్తారు. ఎవులూ మరగబెట్టట్లేదు. నానూ మానీశాను. ఆళ్లతో నోరు సేసుకోడం నా వల్ల అవుద్దేటి?

అప్పుడు మీ అప్ప ఏటందో తెలుసా? "అది సచ్చేలోగా కోసీద్దారే దేముడమ్మా! తమ్ముడి ఏడాది కార్యానికి నా పందే ఎయ్యనీ. మచ్చోణ్ణి నువ్వుంచుకో. ఎనకకాలు కూతురింటి వాటాకింద పెందుర్తికి రాణికి పంపీద్దాం" అంది. మంచికే అంది మావా, అబద్ధమెందుకు! నువ్వంటే దానికి పేణం.

కానీ ముందురోజే పశువులాసుపత్రోళ్లు ఆటోలో మైకు పెట్టుకుని సెప్పుకుంటా పోనారు. మనుసులకేటీ అవదంట. రోగం పంది మాంసం కడిగిన నీళ్లు కుడితిలో పడితే మాత్రం ఆ ఇంట్లో పంది మిగలదంట.

మన రాణి సంగతి నీకు తెలుసు కదా. సుక్క నీరు పారబొయ్యదు. బియ్యం కడుగు, సేపల కడుగు, మాంసం కడుగు, అన్నీ కుడితి డ్రమ్ములోకే. నేర్పిందెవులు? నువ్వే! అల్లుడు సంటిబాబు కాలిరిగి మంచానున్నాడు. ఆ ఇంటికి కూడెడతంది ఆ పందులే. దాని పెద్దపంది ఇప్పుడే ఈనింది కూడా.

ఒద్దొదినా అన్నాను. ఇనపడనట్టే ఉంది. మళ్లీ అన్నాను. "కూతురింటికి వాటా ఆపుతావేటే? మా అమ్మ బతికున్న కాలం ఆపలేదు. నా తమ్ముడు కూడు ముట్టుకుంటాడేటే? పిసినారి మొకమా!" అని ఇంతెత్తున లేచింది.

రాణికే సెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ సేశాను, ఆ రోగం పంది వాటా ఒద్దే అన్నాను. నవ్వింది మావా. "మేనత్త పంపిన వాటా గుమ్మంలోంచి తిరగ్గొట్టమంటావేటే అమ్మా? నాన్న పేరుసెప్పి వత్తాది, కడుక్కుని వండుకుంటాం" అంది.

కడుక్కుని. సూశావా?

మరింకేటి సెయ్యను? ఎవులికీ సెప్పకుండా బస్సెక్కీశాను. పశువులాసుపత్రికాడ కుక్కపిల్లల్ని ఒళ్లో ఎట్టుకున్నోళ్ల ఎనకాల నిలబడ్డాను. ఎంతసేపని నిలబడతాను? కాంపౌండరే అడిగాడు, "కుక్కా, మేకా?" అని. "పంది" అన్నాను. అందరూ ఇటు తిరిగారు. సీర కొంగు నోటికడ్డెట్టుకుని, వాడ పేరు, మీ అప్ప ఇల్లు, అన్నీ సెప్పీశాను.

మన మచ్చోణ్ణీ సంపుతారని అప్పుడు తెలీదా అంటావా? తెలుసు. ఆ కాంపౌండరు ముందే సెప్పాడు. అయినా సెప్పాను.

ఒదిన కత్తి నూరతంటే జీపొచ్చింది.

వాడంతా ఏడిసింది మావా. గోతికాడ ఒదిన నన్ను గట్టిగా వాటేసుకుని, "ఏ సచ్చినోడు సెప్పాడే మన వాడ గురించి! ఆడి నోట మన్ను పడ! ఆడి ఇంట పొయ్యి ఎలగకుండా పోను!" అని శాపనార్థాలు పెట్టింది. అందరూ నా మొకమే సూత్తన్నట్టనిపించింది. నానూ అరిశాను, "మన్ను పడ!" అని. నా గొంతు అంత దూరం ఎల్తాదని నాకే తెలీదు.

నన్నోదారుత్తంది మావా. మీ అప్ప. దానికీ పోనాయి, అన్నీ పోనాయి. అయినా నా కన్నీళ్లు దాని కొంగుతో తుడిసింది.

రేపు నీ ఏడాది. ఇంటి మాంసం లేదు, కొన్నది మీ ఇంట్లో పెట్టకూడదు. గుడ్లు ఉడకబెట్టి పులుసు సేత్తాను. తింటే తిను, మానితే మాను.

కోపమొత్తే నా కలలోకి రా, తిట్టు, కొట్టు. మీ అప్ప కలలోకి మాత్రం ఎల్లకు.