మీ తాత పడయల్‌కి స్కాచి సీసా

"అవ్వా, తాత దివసానికి నువ్వే సారాయంగడికి పోయినావంట గదా? ఊర్లో ఒకటే నవ్వులు. నిజమేనా?"

ఎవురు నవ్వింది? పేరు చెప్పు, వాళ్ళ వాకిట్లోకే పోయి అడిగేసొస్తా. మీ నాయన చెప్పినాడా? వాడే అయ్యుంటాడు. నా మాటలు రికార్డు చేస్తావా? సరి, ఆ ఫోను అట్ల గోడకి ఆనించి పెట్టు, పడిపోతాది. పోయినా పాపా. కోవిల్‌పట్టి బస్టాండు పక్క సారాయి కడకి, పట్టపగలే పోయినా. దొంగతనానికి పోయినానా ఏమి?

నువ్వు పరీక్షలని తూత్తుకుడి హాస్టల్లోనే ఉండిపోయినావు, నీకేమి తెలుసు. మన ఇండ్లల్లో ఏడాది దివసానికి పడయల్ వేస్తాం గదా, ఆకు పరిచి, పోయినోళ్ళకి ఏమేమి ఇష్టమో అదంతా పటం ముందర పెట్టేది. మా మామకి చుట్ట పెడతా ఉంటిమి. మా అత్తకి వక్కాకు, పొగాకు. అప్పుడు పొగాకు కాలణాకి చేరెడు ఇస్తా ఉండ్రి, ఇప్పుడు... సరి, దాన్ని విడు. మీ తాతకి ఏమి పెట్టేది? ఆయనకి ఇష్టం ఒకటే. స్కాచి.

కరిసల్ మన్నులో, ఈ నల్లరేగట్లో, సేద్యం చేసేవాడికి స్కాచి ఎట్ల తెలుసునంటావా? మెరపకాయ మూటలు విరుదునగరం మండీకి వేసుకొని పోతాడు గదా. ఆ మండీ సొంతదారుడు ముదలాళి, పేరు వద్దులే, ఆయనా పోయినాడు, లోపలి గదిలో తన జతగాళ్ళతో తాగేసి, సీసా అడుగున మిగిలిందాన్ని ఒక గ్లాసులో పోసి బయటికి పంపిస్తాడు. "పెద్దాయనా, ఇది సీమ సరక్కు, అసలైన స్కాచి, మీకు మర్యాద చెయ్యల్లనే ఎత్తిపెట్టినా" అంటాడు. అంతే, ఆ గ్లాసు కడుపులో పడిందంటే ఈయనకి నోరు లెయ్యదు. వాడు చెప్పిన ధరకే మూటలు దించేసి, నవ్వుకుంటా ఇల్లు చేరతాడు. నాకు ఒళ్ళు మండిపోతాది. "ఎంగిలి గ్లాసుకి ఏడాది కష్టాన్ని పోసేసొచ్చినావే, మనిషివా నువ్వు?" అని అరస్తా. ఆయనకి కోపమే రాదు. "ఒక ఏడు మంచి ధర రానీ, నాదే ఒక సీసా కొంటా, నా చేత్తోనే మూత తిప్పుతా" అనేవాడు. ఒక ఏడు వాన లేదు. ఒక ఏడు వానే వాన. ఒక ఏడు మీ అత్త పెండ్లి. పోయేదాకా కొననేలేదు పాపా.

అందుకే ఈ దివసానికి ఎవురూ మూత తియ్యని సీసా పెట్టల్లని అనుకొంటిని. మీ నాయన ఏమన్నాడో తెలుసా? "అమ్మా, పోయినాయనకి రుచి తెలుస్తాదా, ఒక క్వార్టరు బ్రాందీ పెడితే చాలదా?" అన్నాడు. కన్నకొడుకు! "రేపు నాకు ఏమి పెడతావురా, పాచి కూడా?" అంటిని.  నేను పెంచిన మేకపిల్లని అమ్మి, ఆ దుడ్డు కొంగులో ముడేసుకొని బస్సెక్కేస్తిని.

ఆ కడ ముందర జనం కూటం చూడల్ల నువ్వు! నన్ను అరవంలో అవ్వా అని పిలస్తా, "పాట్టికి దారి విడండిరా" అని ఒకడు, "పాట్టీ, నాకూ ఒకటి కొనియ్యి" అని ఇంకొకడు. కిటికీ కంబీల సందులోనుంచి కడ పిల్లోడు ఒక సీసా తీసిచ్చినాడు. పైన గుర్రంబొమ్మ, దొరపేరు. "ఇది స్కాచేనా?" అంటే "స్కాచ్ మాదిరే పాట్టీ" అంటాడు. మాదిరి అంటే ఏందిరా? నీకు పెండ్లి చేసేటప్పుడు పెండ్లికూతురు మాదిరి ఒకదాన్ని కూర్చోబెడితే తాళి కడతావా? కూటమంతా నవ్వింది, వాడు మొగం దించుకొన్నాడు. అసలుది ఎంతని అడిగినా. వాడు చెప్పిన దుడ్డుకి నా మేకపిల్ల కాదు, దాని తల్లిని గూడ అమ్మల్ల. అన్యాయం గాకుంటే ఏంది!

అప్పుడు మా తమ్ముడు గుర్తొచ్చినాడు. మిలిటరీలో ఉండి వచ్చినాడు గదా, విరుదునగరంలో ఇల్లు కట్టుకొని ఉండాడే, వాడే. వాడికి క్యాంటీన్లో అసలైంది తక్కువ ధరకి దొరుకుతాది. ఫోన్ చేస్తే "రా అక్కా, నీకోసరం ఒకటి ఎత్తిపెడతా" అన్నాడు. పోయినా. పరోటా తెప్పించి పెట్టినాడు, మంచోడే, లేదనను. సీసా తెచ్చి చేతిలో పెట్టినాడు. చూస్తే సరక్కు రెండు వేళ్ళంత కిందికి దిగిపోయి ఉండాది! "ఏందిరా ఇది?" అంటే "ఇప్పుడంతా కల్తీ అక్కా, బావకి పెట్టేది గదా, నేనే తాగి చూసినా. సుద్దమైంది" అంటాడు!

 పడయల్‌కి వండేటప్పుడు ఉప్పు గూడ నాలిక మీద వేసుకొని చూడమే! ముందర ఆయన, తర్వాతే మనం. "బతికినన్నాళ్ళూ మీ బావ ఊరోళ్ళ ఎంగిలి తాగినాడు, పోయినాక బామ్మర్ది ఎంగిలి తాగల్లనా?" అని సీసాని వాడి ముందరే పెట్టేసి వచ్చేసినా. వెనకాలే పరిగెత్తుకొచ్చినాడు. నేను తిరిగి చూడలేదు.

ఆడే మెయిన్ రోడ్డులో ఏసీ వేసిన పెద్ద కడ ఒకటుండాది. దాంట్లోకి పోయి కొంగుముడి విప్పి దుడ్డంతా బల్ల మీద పెట్టినా. "దీనికి వచ్చేదాంట్లో అసలైంది, మూత తియ్యంది, ఎంత చిన్నదైనా సరే" అన్నా. ఆ అబ్బాయి నవ్వలేదు పాపా, వాడు చల్లగా ఉండల్ల. నా అరచేతిలో దాగేటంత సీసా తెచ్చి, "ఆ దేశంలోనే పోసి మూసింది పాట్టీ" అని సీలు చూపించినాడు. 

దివసం నాడు పటం ముందర నేనే మూత తిప్పినా. గ్లాసులో అంతా పోసి పెట్టి దండం పెట్టుకొన్నా. ఆయన తాగేదానికి మనం టైము ఇయ్యల్ల గదా, అందర్నీ బయటికి తోలేసి తలుపు దగ్గరికేసినా. తర్వాత తలా ఒక మూత ఇచ్చినా. మా తమ్ముడూ వచ్చుండాడు, మొగం వేలాడేసుకొని. వాడికీ ఇచ్చినా. నేనూ తాగినా, అవును, ఏమి ఇప్పుడు? తూ! మాడిన పాలు, ఆస్పత్రి వాసన, గొంతు మంట. "దీనికా నేను మేకపిల్లని అమ్మింది? తియ్యగా ఉంటాదని గదా చెప్పినాడు ఆయన, పాయసం మాదిరి దిగుతాదని!" అంటిని.

మా తమ్ముడు నిదానంగా చెప్పినాడు. "అక్కా, అసలైంది ఇట్లనే ఉంటాది. తియ్యగా ఉండదు. సీమసీసాలో నాటుసారాయి పోసి, చక్కెర కాల్చి కలిపేవాళ్ళు ఆ కాలంలో."

అప్పుడు నాకు తెలిసింది పాపా. ఆ ముదలాళి పోసింది ఎంగిలి స్కాచి గూడ కాదు. ఆ మాయగ్లాసుకి మా మెరపకాయలంతా, ఎన్నేండ్లు, ఎండలో నా వీపు కాలిపోయి... థూ, వాడి మర్యాదలో మన్నుపడ. వాడుంటే ఈ చేత్తో గొంతు పట్టుకొనుందును. మీ నాయన ఏడ్చేసినాడు ఆ పొద్దు, నీకు చెప్పుండడు. నేను ఏడవలేదు. పటం తట్టు చూసి, "ఏమయ్యా, మొదటిసారి తాగింది ఈ పొద్దే, నా చేత్తోనే" అంటిని.

సరి, ఆ ఫోను ఆపు. దగ్గరికి రా. నువ్వు సదువుకొని మంచి ఉద్యోగంలో కూర్చో తల్లీ, నూరేండ్లు సల్లగుండు. ఎవురూ నీకు మాయగ్లాసు పోసి, అదే మర్యాదని చెప్పకుండా ఉండల్ల.