పెండ్లాం మాట

వేంపల్లెకు ఆమడ దూరంలో ఒక నేతగాళ్ల పల్లె, తెల్లదొరల కాలం. జీవసమాధికని తవ్విన గుంతలో ఇరవై నాలుగేళ్ల ఓబులేసు స్వామి కూర్చుని ఉన్నాడు. గట్టుకు కొంచెం ఎడంగా భార్య గురమ్మ. కట్టిన తెరకు అవతల ఊరి పెద్ద శాంతయ్య, జనం.

"అంత దూరంలో నిలబడినావేం గురమ్మా? గట్టు కాడికి రా."

"ఈడికి వినపడతానే ఉండాది సామీ."

"సామీ అనొద్దు. ఓబులేసును నేను."

"జనం అంటాండారు. నేనూ అంటాండా."

"శానామంది వచ్చినారా?"

"కడప నుంచి, బద్వేలు నుంచి బండ్లు కట్టుకోని వచ్చినారు. మీ యమ్మ కాళ్లకు గూడా మొక్కుతాండారు."

"నాకు భయమేస్తాంది."

"గాలి ఆడక అట్లుంటాది."

"అది గాదు. పొద్దున దిగినప్పుడు ఏమీ లేదు. కూసున్నాక మట్టి వాసన తగిలె. యాడో మగ్గం ఆడే సప్పుడు ఇనపడె. అంతే, ఏడుపొచ్చె. కొండలు తిరిగితి, గుహల్లో పడుకుంటి, మఠంలో చేరితి, నాలుగేండ్లు యెతికితి. ఏమీ దొరకల్యా. నేను యెతికేది ఇంట్లోనే ఉండిందని ఇప్పుడు తెలిసె."

"ఇప్పుడు తెలిసెనా."

"నిజంగా తెలిసె. బతకాలని ఉండాది గురమ్మా. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని నేసుకుంటా, సాలు."

"శాంతయ్యకు చెప్పల్యా?"

"చెప్తి. నవ్వె. 'గుంతలో దిగినాక నేనేం కూసినా వినొద్దండి, అది దేహం కూత, బండ మూసేయండి అని నువ్వే గదా చెప్పింటివి' అనె."

"చెప్పినారు గదా. నేనూ వింటి."

"పొగరుతో చెప్తి. ఇంగ ఒకటే దోవ. పెండ్లాం వద్దంటే మొగుని సమాధి చెల్లదు. అందుకే నిన్ను లోపలికి పంపినారు. వద్దను. ఆ ఒక్క మాట సాలు."

"ఇల్లిడిసి పోయిననాడు నా మాట అడగల్యా."

"తప్పే."

"తెల్లారి లేచి చూస్తే మగ్గం మీద సగం నేసిన చీర ఉండాది. మనిషి లేడు. నా కడుపులో బిడ్డ."

"తప్పే అంటాండా గదా. బిడ్డ ఎట్లుండాడు?"

"జనం తొందరపడతాండారు. పోలీసులు వస్తారేమోనని."

"నడుస్తాడా? మాటలొచ్చినాయా?"

"ఊరికొచ్చినాక ఒక్కనాడన్నా అడిగినారా వాన్ని?"

"సన్యాసి అడగకూడదని... అట్లనుకుంటి."

"అంతకుముందు బిడ్డనెత్తుకోని నేను మఠం వాకిట్లో నిలబడినది జ్ఞాపకముందా?"

"వానకాలం గదా అప్పుడు."

"ఎండాకాలం. వానికి ఒళ్లు కాల్తాండె. ఒక్కసారి ముట్టుకోమని అడుక్కుంటి. నువ్వు తలుపు తీయల్యా. లోపల్నుంచి ఏమంటివి?"

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"ఏమంటివి?"

"ఎవరికి ఎవరు, అంటి. అప్పుడు నాకట్ల తోచె. కొట్టు నన్ను. చెప్పుతో కొట్టు. పైకి లాగి కొట్టు."

"గోడ పట్టుకోవద్దు. మట్టి రాలతాంది."

"వాన్ని ఎత్తుకుంటా గురమ్మా. ఇంగ నాకు దేవుడూ వద్దు, మోక్షమూ వద్దు. వాని దగ్గరికి పోవాలని ఉండాది."

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

"ఏమ్మా గురమ్మా, నేను శాంతయ్యను. పొద్దు నెత్తికొచ్చె. నువ్వు సరేనంటేనే బండ కదిలిచ్చేది. నీ మాట చెప్పు తల్లీ."

"గురమ్మా, వద్దను. గట్టిగా చెప్పు, అందరికీ వినపడాల."

"చెప్తా శాంతయ్యా. బిడ్డ దగ్గరికి పోవాలంటాండాడు. మఠం నుంచి వచ్చే దోవలోనే సచ్చిపోయినోన్ని ఈయప్ప ఇప్పటికి తలుసుకున్యాడు. నేనడ్డం చెప్పను. బండ మూయండి."