ఆపేసిన ఆర్డరు

ముందుగా ఒక్క మాట చెప్పకుండా వచ్చి, కింద గంటసేపు కూర్చుని, వద్దంటున్నా వినకుండా పెదనాన్న ఆమె గదిలోకి వచ్చేశాడు. గనుల్లో తవ్వే పెద్ద పెద్ద యంత్రాలు చేసే ఆ కంపెనీకి దేశదేశాల నుంచి సరుకు కొనే విభాగానికి ఆమె పెద్ద. ఆ యంత్రాల చేతిని మోసే బ్రాకెట్లు పద్దెనిమిదేళ్లుగా పెదనాన్న ఫౌండ్రీలోనే పోత పోస్తున్నారు. పదకొండు రోజుల కిందట ఆమె ఆ ఆర్డరు ఆపేసింది.

"కూర్చోను. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నవ్వుతూ సాగనంపడం మీకు అలవాటే. నాకు కారణం కావాలి."

"మెయిల్లో రాశాం కదా పెదనాన్నా."

"పెదనాన్నా అనకు. ఇక్కడ నేను సప్లయర్ని, నువ్వు మేడమ్ గారివి. ఆ మెయిలు మూడుసార్లు చదివించుకున్నాను. సరఫరా విధానంలో మార్పు అట. అంటే ఏమిటో తమరే సెలవియ్యండి."

"అంటే అదే. మార్పు."

"సముద్రం అవతల ఎవడో చవగ్గా ఇస్తానన్నాడు. అంతేనా?"

"అది కాదు."

"మరి?"

"చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

"ఎలా అనుకున్నా సరే."

"నూట ఇరవై మంది పనిచేస్తున్నారు అక్కడ. ఇప్పుడు ఒక్క ఫర్నేసే వెలుగుతోంది. వాళ్ల మొహాలు చూడలేక వెనక గేటు నుంచి వెళ్తున్నాను. మీ నాన్న పోయాక నిన్ను ఇంజనీరింగ్ చదివించింది ఆ ఫర్నేసులే. ఇవాళ వాటినే నువ్వు..."

"చదివించారు. ఎదురుపడినప్పుడల్లా చెప్తూనే ఉన్నారు. నేను కాదన్నానా?"

"కాదనవు. నవ్వుతూనే గొంతు కోస్తావు."

"మాట జారకండి."

"ఇప్పుడే మీ ఎండీ దగ్గరికి వెళ్తాను. పై అంతస్తేగా?"

"వెళ్లకండి."

"ఏం, నీ బండారం బయటపడుతుందనా? ఆ కొత్తవాడి దగ్గర ఎంత తిన్నావు?"

"వెళ్లకండి అంటున్నాను. వెళ్తే మీకే... ఆ తలుపు వదలండి. వదిలి ఇటు రండి. ఈ ఫోటో చూడండి."

"ఏమిటిది?"

"మీ బ్రాకెట్టు. గనిలో రాయి ఎత్తుతుంటే విరిగింది. యంత్రం చెయ్యి మొత్తం ఊడి పక్కనున్న మనిషి మీద పడింది."

"మనిషి మీదా?"

"బతికాడు. కాలు తీసేశారు."

"మోయలేనంత బరువు ఎత్తించి ఉంటారు. ఆ గనులవాళ్లు ఎప్పుడూ అంతే, తప్పు వాళ్లది, నింద..."

"ఎత్తించలేదు. విరిగిన చోట చూడండి, లోపలంతా గుల్ల. నలభై ఏళ్లుగా లోహం పోస్తున్నారు. దీన్ని ఏమంటారో మీకు నేను చెప్పాలా?"

"ఎక్స్‌రే తీశాకే కదా సరుకు పంపేది. కాగితం ఉంటుంది."

"ఉంది. ఇదిగో. ఏ లోపమూ లేదని రాసి, కింద మీ ఫౌండ్రీలో తనిఖీ చూసే అన్నయ్య సంతకం."

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను. అక్కడి నుంచే చూడండి. ఇప్పుడు అర్థమైందా నేను నోరెందుకు విప్పలేదో? ఇది పైకి వెళ్తే మీ అబ్బాయి జైలుకు వెళ్తాడు. అందుకే కారణం రాయకుండా ఆర్డరు ఆపేశాను. విచారణవాళ్లు ఈ కాగితం అడిగితే ఇంకా వెతుకుతున్నామన్నాను. ఆ బ్యాచ్‌లో మిగతా ఆరు బ్రాకెట్లూ ఏ దేశంలో, ఏ గనిలో ఉన్నాయో పట్టుకుని, ఏవో సాకులు చెప్పి తీయించేశాను. దొంగపని. ఉద్యోగంలో చేరాక ఇలాంటిది ఒక్కటి చెయ్యలేదు. అన్నయ్య కోసం చేశాను. మీ కోసం కాదు."

"నేను అడిగానా?"

"అడగలేదు. అన్నయ్యా అడగలేదు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడు. ఇంటి తాళం వేశాడో లేదో నాలుగుసార్లు చూసుకునే మనిషి, చూడని ఎక్స్‌రే మీద సంతకం ఎలా పెట్టాడు? అదొక్కటే నాకు అంతుపట్టడం లేదు."

"వాడు పెట్టలేదు."

"సంతకం కళ్లెదురుగా ఉంది."

"వాడు పెట్టలేదంటున్నాను కదా. ఎక్స్‌రే మిషను పాడైంది. బాగయ్యేదాకా ఒక్కటి కూడా బయటికి వెళ్లడానికి వీల్లేదని వాడు లారీకి అడ్డంగా నిలబడ్డాడు. మీవాళ్లేమో గంటగంటకీ ఫోన్లు. యంత్రాలు ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోతోంది, ఈసారి ఆలస్యమైతే ఆర్డరు వేరేవాళ్లకి ఇచ్చేస్తామని. నువ్వూ చేశావు."

"చేశాను."

"వాడు సంతకం పెట్టనన్నాడు. వాడి పేరు నేనే గీశాను."

"మీరా?"

"నేనే. అది చూసి ఆ పూటే వెళ్లిపోయాడు. నాతో మాటల్లేవు. ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు."

"ఏదో పని మీద ఊళ్లు తిరుగుతున్నాడన్నారు కదా అందరితో?"

"అలా చెప్పాను."

"చెయ్యనివాడి మీద... పదకొండు రోజులుగా నేను అన్నయ్యనే తిట్టుకుంటున్నాను. ఎప్పుడు వెళ్లాడు?"

"ఎనిమిది నెలలవుతోంది."

"ఎనిమిది నెలలేమిటి? పోయిన నెల సరుకు మీద కూడా అన్నయ్య సంతకం ఉంది. అంతకుముందు నెల మీదా ఉంది. ప్రతి నెలా ఉంది. నేను తీయించింది ఒక్క బ్యాచే. పెదనాన్నా, మాట్లాడండి. ఆ బ్రాకెట్లన్నీ యంత్రాలకి బిగించేసి ఉన్నాయి. వాటి కింద మనుషులు పనిచేస్తున్నారు."

"ఆ మిషను ఇప్పటికీ బాగు చేయించలేదమ్మాయ్."