పడిపోని కాడ

లిలువా రైల్వే క్వార్టర్స్‌లో ఒక వంటిల్లు. కోడలిని బెంగాలీవాళ్ళలా ‘బౌమా’ అని పిలిచే అత్త పుష్పరాణి, గోధుమ వంగడాల మీద పరిశోధన చేసే కోడలు కౌముది చుట్టాల కోసం పూరీలు వేస్తున్నారు. ఆ రోజు ఆడపడుచు ప్రేమకుమారికి సీమంతం.

“...అందులో ఎంచడానికేటుంది బౌమా? గోదుమంటే గోదుమే కదా?”

“అన్నీ ఒకటి కాదత్తయ్యా. వెన్నుకి ఎన్ని గింజలు, గింజ ఎంత బరువు, ఎన్ని పిలకలు వెన్ను వేశాయి, అన్నీ చూస్తాం. కాడ కూడా.”

“కాడ తింటామేటి?”

“తినం. కానీ గింజ నిండితే మొక్క బరువెక్కుతుంది. కాడ పొడుగైతే గాలికి పడిపోతుంది. పొట్టిగా గట్టిగా ఉన్నది ఎంత బరువైనా నిలబడే మోస్తుంది.”

“నిలబడే మోస్తాది. బాగుంది. మరి వెన్నెయ్యని పిలక?”

“దండగ. ఎరువూ నీళ్ళూ తాగేస్తుంది, గింజ ఇవ్వదు. అలాంటి మొక్కని విత్తనానికి ఉంచుకోం.”

“పీకి పారెత్తారు. నోరారా సెప్పు.”

“...నూనె కాగింది, అత్తయ్యా.”

“కాగనీ. నాలుగేళ్ళయి ఎరువూ నీళ్ళూ పోత్తన్నాం. మా ఇంట్లో నిన్నెవులూ పీకనేదు కదా?”

“పండగపూట ఎందుకివన్నీ?”

“పండగనే. ప్రేమకి గాజులు తొడిగినప్పుడు నువ్వు ముందుకి రావద్దు.”

“మొదటి గాజు వదినే తొడగాలని పోయిన నెల మీరే అన్నారు!”

“పిల్లలున్న వదిన.”

“ప్రేమ కూడా అలాగే అందా?”

“దానికేటి తెలుసు? ఇంకోటి ఇను. గార్డెన్ రీచ్ నుంచి మా అక్కలొత్తన్నారు. డాక్టరు ఏటన్నాడని అడుగుతారు. లోపం నాదేనని సెప్పీ. ఒక్క మాట. మళ్ళీ ఎవులూ అడగరు.”

“నాది కానిది నాదని ఎలా చెప్పను?”

“ఏటీ?”

“ఏం లేదు. పూరీ వత్తండి.”

“ఒలే, ఏటన్నావు?”

“చెప్పకూడదనుకున్నాను. ఆయన వద్దన్నారు.”

“మా సంజయ్ వద్దన్నాడా? ఏటి వద్దన్నాడు?”

“ఇద్దరికీ పరీక్షలు చేశారు. నాకే లోపమూ లేదు. ఆయనకి పిల్లలు పుట్టరన్నారు. అమ్మకి తెలిస్తే చచ్చిపోతుందని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చారు. అందుకే మీరేమన్నా పడ్డాను.”

“ఆ సిల్లులగరిటి ఇటియ్యి.”

“అత్తయ్యా? కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను.”

“పూరీ మాడిపోతంది. తియ్యి.”

“నేను చెప్పింది విన్నారా?”

“ఇన్నాను. కొత్తగా సెప్తన్నావేటి? ఆడికి మీసాలొచ్చే వయసులో గవదబిళ్ళలొచ్చి కిందకి దిగినాయి. ఇంక పిల్లలు పుట్టరని డాక్టరు నాతోనే సెప్పాడు. ఆడికే సెప్పనేదు.”

“అంటే... పెళ్ళికి ముందే మీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ నన్ను తెచ్చారా? ఇన్నాళ్ళూ గొడ్రాలు, గొడ్రాలు అని...”

“మెల్లిగా. ప్రేమకి ఇనబడతాది.”

“నేనేం చేశానత్తయ్యా మీకు?”

“ఏటీ సెయ్యనేదు. నువ్వు పొలంలో ఎంచినట్టే నానూ ఎంచాను. ఒక పిల్లకి నలుగురన్నదమ్ములు, రేపు కర్రలట్టుకొత్తారు. ఇంకో పిల్లకి నోరు పెద్దది. నీకు అమ్మా నేదు, నాన్నా నేదు. గుమ్మం దాటించేత్తే చాలనుకున్నాడు నిన్ను పెంచిన మేనమావ. పెళ్ళిసూపుల్లో ఆ మేనమావ పెళ్ళాం తన ఎంగిలి పళ్ళెం నీ సేతికిత్తే తలొంచుకుని కడిగావు.”

“అది చూశారా?”

“అదే సూసాను. అదిగో, అక్కల రిక్షా ఆగింది. కళ్ళు తుడుసుకో బౌమా. నీ కాడ సూసే తెచ్చాను నిన్ను. నిలబడి మొయ్యి.”