ఒక సున్నా తీసెయ్యండి

అబద్ధాలాడేవాళ్ళు వేరు, కోతలు కోసేవాళ్ళు వేరు. అబద్ధాలాడేవాడికి మనం నమ్మాలని ఉంటుంది. కోతలు కోసేవాడికి మనం లేచి వెళ్ళిపోకుండా ఉంటే చాలు. మడుగు కాపలా ఆయన ఆ రెండో రకం. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కోతల బాబాయి అనే పిలిచేవారు. ఆయనా పలికేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం ఉంది. పది రోజులుగా అక్కడే ఉండి మడతల దగ్గర నలిగిపోయింది.

అది మడుగు లెక్క కాగితం. నీలిమెడ నీటికోళ్ళు లోకంలో ఇక వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అవి గుడ్లు పెట్టే చోటు కాబట్టి ఆ మడుగుని ఎవరూ పూడ్చకూడదని చట్టం ఉంది. కాకపోతే ఏటా గూళ్ళ లెక్క పంపాలి. ఇద్దరు కళ్ళారా చూడాలి. చూశాక చెరోవైపు తిరిగి, ఒకరికొకరు వీపు తిప్పి నిలబడి, ఎవరి అంకె వాళ్ళు చెప్పుకోకుండా రాయాలి. రెండంకెలూ కలిస్తేనే అది లెక్క. వరసగా రెండేళ్ళు లెక్క అందకపోతే మడుగు పేరు రక్షణ జాబితాలోంచి కొట్టేస్తారు.

ఇరవయ్యారేళ్ళు ఆయన వెనక నిలబడి ఆ రెండో అంకె రాసింది ఆయన భార్య. పోయినేడు సరిగ్గా ఆ రోజుల్లో ఆవిడ మంచాన పడింది. లెక్క వెళ్ళలేదు. తర్వాత నెల తిరక్కుండా ఆవిడే వెళ్ళిపోయింది. ఈ ఏటి లెక్కకి ఇవాళ సాయంత్రం అయిదే గడువు. మడుగు పూడ్చే మట్టి లారీలు నాలుగు అప్పుడే వచ్చి రోడ్డు వారన ఆగి ఉన్నాయి.

'ఎవరైనా నాతో ఒక్కసారి మడుగు దాకా వస్తారా' అని అడగడానికే ఆయన పది రోజులుగా ఈ బల్ల మీదకి వస్తున్నాడు. అడుగుదామని నోరు తెరిస్తే మాత్రం కోతే వస్తోంది.

"ఏం బాబాయ్, ఇవాళ పులా, పామా?" అన్నాడు దర్జీ, మెడలో కొలతల టేపు సర్దుకుంటూ. పక్కనే ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. ఊరికి కొత్త. టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతోంది.

'నాతో రా నాయనా' అందామనుకున్నాడు కోతల బాబాయి.

"పులీ లేదు, పామూ లేదు. చట్టం చట్టం అంటారే, అదెక్కడ పుట్టిందనుకున్నావు? ఇదిగో, ఈ భుజం మీద పుట్టింది," అన్నాడు.

"అబ్బో!"

"నేను కొలువులో చేరిన కొత్త. పెద్దాఫీసరు వచ్చాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు, అలా ఉన్నాయి. బురద చూసి గట్టు మీదే ఆగిపోయాడు. గూడు చూడకుండా ఏం రాస్తారండీ అన్నాను. నేను దిగనయ్యా అన్నాడు. సరే, మీరు దిగకండి, నేను దిగుతాను అని ఆయన్ని భుజాన వేసుకుని మోకాల్లోతు నీళ్ళలో నడిచాను. గూడు దగ్గరికెళ్ళి చూద్దుము కదా, నాలుగు పిట్టలు..."

అక్కడ ఆగాడు. గ్లాసు పెదాల దాకా తెచ్చి, తాగకుండా పక్కకి చూశాడు. బల్ల మీద ఆయన పక్క చోటు ఖాళీగా ఉంది.

"ఊఁ, తర్వాత?" అన్నాడు దర్జీ.

"నాలుగేమిటి నా మొహం, నలభై! ఆ నలభైనీ చూసి ఆఫీసరు నా భుజం మీదే గొల్లుమన్నాడు. కాగితం ఏదయ్యా, ఇప్పుడే చట్టం రాస్తానన్నాడు. నా తలపాగా బల్లగా పెట్టుకుని ఆయన రాస్తుంటే, కింద నుంచి నేను చెప్పాను. ఒకటో నిబంధన, పొదిగే నెలల్లో గూడున్న చోటుని కదపకూడదు. రెండు, మడుగు దగ్గర ఎవరూ తుమ్మకూడదు, వస్తే పక్క ఊరెళ్ళి తుమ్మి రావాలి. మూడు, గాలి కూడా చెప్పులు విడిచి రావాలి."

డ్రైవరు టీ మింగబోయి పొలమారాడు.

"నవ్వకు నాయనా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చట్టమంటే సభలో చేతులెత్తాలి కదా. సగం మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఈ సంగతి మడుగులో తెలిసింది. తెల్లారేసరికి సభ కిటికీల్లోంచి వచ్చాయయ్యా పిట్టలు, నాలుగొందలు..."

మళ్ళీ ఆగాడు. మళ్ళీ పక్కకి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలోకి ఆయనే తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

"నాలుగొందలు ఎక్కడ సరిపోతాయి, నాలుగు వేలు! ఈగలు తోలుకోడానికి చెయ్యెత్తినవాడి అరచేతిలో కూడా గూడు కట్టేశాయి. గుడ్లు పెట్టేశాయి. ఇక ఆ చెయ్యి దించితే ఒట్టు! ఇరవయ్యెనిమిది రోజులు, పిల్లలు బయటికొచ్చేదాకా, సభ సభంతా చేతులెత్తుకునే కూర్చుంది. భోజనం వాళ్ళ పెళ్ళాలొచ్చి నోట్లో పెట్టారు. అలా ఒక్క చెయ్యి తగ్గకుండా నెగ్గింది చట్టం."

"దించి మళ్ళీ ఎత్తుంటే సరిపోయేది కదా," అన్నాడు దర్జీ.

"గుడ్లు పగలవూ? నీకు చొక్కాలు కుట్టడం తప్ప దయ తెలీదు. విను. దాని మీద కేసు పడింది. మడుగు నాదని ఒకాయన. జడ్జీగారు పిట్టని పిలిపించారు, సాక్ష్యం చెప్పమని. అది బల్లెక్కి, అటూ ఇటూ చూసి, కేసు కాగితాల మీద శుభ్రంగా గుడ్డు పెట్టింది. ఇంకేముంది! ఒకటో నిబంధన ప్రకారం కోర్టే మడుగైపోయింది. వకీళ్ళు మునివేళ్ళ మీద నడిచి, సైగలతో వాదించుకున్నారు. జడ్జీగారు రోజూ ఇంటి నుంచి పుల్లలు తెచ్చారు. తీర్పు నాడు కోర్టు కప్పు మీద బారులు తీరి కూర్చున్నాయి చూడు, నలభై వేల పిట్టలు..."

ఆగాడు. ఈసారి ఆగింది ఎక్కువసేపు. దర్జీ ఆవులించాడు. డ్రైవరు గడియారం చూసుకుని, "అయిదింటికి దింపుకోమన్నారు మట్టి. ఇంకా మూడు కూడా కాలేదు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

కోతల బాబాయి నోరు తెరిచాడు. ఇక పెంచడానికి నాలుగు లక్షలే మిగిలింది.

"అన్నయ్యా," అంది టీ అక్క, కడిగే గ్లాసు మీద నుంచి తలెత్తకుండా. "ఒక సున్నా తీసెయ్యండి."

ఆయన గిరుక్కున అటు తిరిగేసరికి గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది.

ఆ మాట ఆయన భార్యది. కూరల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ పక్క చోటులో కూర్చుని, ఆయన అంకె చెప్పినప్పుడల్లా చిక్కుడుకాయ ఈనె తీసినట్టు అనేసేది, 'ఒక సున్నా తీసెయ్యండి.' ఆయన ఉడుక్కునేవాడు. బల్లంతా నవ్వేది. అక్కడితో కథ దిగి నేల మీదకి వచ్చేది. పదకొండు నెలలుగా ఆ మాట అనేవాళ్ళు లేక ఆయన కథలు గాల్లోనే ఉండిపోతున్నాయి. దిగే దారి తెలీక ఇంకా ఇంకా పైకెక్కుతున్నాడని ఆయనకే తెలియలేదు.

"నాలుగు వేలు," అన్నాడు, పక్క చోటు వైపే చూస్తూ.

"ఇంకోటి."

"నాలుగొందలు."

"ఇంకోటి అన్నయ్యా."

"నలభై... కాదు, నాలుగు." గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నాలుగూ లేవమ్మా. ఒక్క గూడు. ఈ ఏడాదికి ఒక్కటే."

దర్జీ నవ్వబోయి ఆగిపోయాడు. టీ అక్క చేతులు తుడుచుకుని, "ఆ జేబులో కాగితం ఇలా ఇవ్వండి. పది రోజుల నుంచి చూస్తున్నాను, మీరు తియ్యరూ, నేను అడగనూ. సంతకమేగా, పెట్టేస్తాను," అంది.

కోతల బాబాయి కాగితం జేబులోనే అరచేత్తో నొక్కిపట్టుకున్నాడు.

"చూడకుండానా? తప్పమ్మా. మీ వదిన ఒప్పుకోదు."

టీ అక్క పొయ్యి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. గరిటె తీసి దర్జీ చేతిలో పెట్టింది. "పాలు పొంగాయో, నీ మెడలో టేపుతోనే నీకు ఉరేస్తాను."

మడుగు గట్టు దిగాక గూడు చేరేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నోరు అంతసేపు మూతపడి ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎక్కడ కాలు పెట్టాలో వేలితో చూపించాడు. జమ్ము పక్కకి తొలగించి, తాను తప్పుకుని ఆమెకి చోటిచ్చాడు. బూడిదరంగు పిట్ట ఒకటి, మెడ మీద నీలిగీత, కదలకుండా కూర్చుని ఉంది. కాసేపటికి లేచి, ముక్కుతో గుడ్లు పక్కకి దొర్లించి, మళ్ళీ కూర్చుంది.

"రెండోది?" అంది ఆమె, గాలితో.

"మేతకి పోయుంటుంది. అది రాందే ఇది గూడు దిగదు."

కాసేపు చూశారు. రాలేదు.

గట్టెక్కి చెరోవైపు తిరిగి నిలబడ్డారు. ఇద్దరి మధ్యా మర్యాదగా మూరెడు ఎడం. ఇరవయ్యారేళ్ళు వెచ్చగా ఉన్న వీపుకి చల్లగాలి తగిలింది. చీటీ ముక్క మీద అంకె రాస్తూ, ఆయన ఒకసారి వెనక్కి వాలబోయి, సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

చీటీలు కలిపి చూశారు. ఒక గూడు, ఒక పిట్ట, మూడు గుడ్లు. ఒక గూడు, ఒక పిట్ట, మూడు గుడ్లు.

"ఒకటే పిట్ట అయినా చెల్లుతుందా అన్నయ్యా?"

"గుడ్లున్నాయి కదమ్మా. చట్టం గూడునే చూస్తుంది. ఒంటరిదా జంటదా అని అడగదు."

టీకొట్టు దగ్గరికొచ్చేసరికి డ్రైవరు లారీ ఇంజను వేసి, తలుపు తెరిచి పెట్టి ఉన్నాడు. "ఎక్కండి. దర్జీ చెప్పాడు. ఆ కాగితం చేరితే ఈ మట్టి ఎటూ వెనక్కే పోవాలి. ఆఫీసు దారిలోనేగా," అన్నాడు.

మూరెడు సీటు మీద ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం టీ అక్క ఒళ్ళో ఉంది. వేళ దాటకుండా చేరిపోతారని తెలిశాక ఆయన ప్రాణం కుదుటపడింది. కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"రేపు బల్ల మీద ఎన్ని గుడ్లు చెబుతారు?" అంది ఆమె నవ్వుతూ.

"మూడొందలు."

"ఒక సున్నా తీసెయ్యండి."

"ముప్ఫై."

ఆమె ఇంకోటి కూడా అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ సున్నాని ఉండనియ్యమ్మా. అది తీసేది ఆవిడ."